మాటపట్టు

మొన్న జూబ్లీహిల్స్‌ల మా ఆటో ఇరుక్కపోయింది. ముందర బస్సు, వెనక నీళ్ల ట్యాంకరు, పక్కన మా ఇంటి ముందటి గదంత పెద్ద కారు. ఆటో ఆయన ఇంజను బంద్ చేసి, ఇప్పట్ల కదిలేది లేదమ్మా, ఆరాంగ కూసో అన్నడు. ఆరాం ఎక్కడిది? మోకాళ్ళు ముందరి సీటుకు ఆనుకోని ఉన్నయి, ఎండ నెత్తి మీద ఉన్నది. నాకసలే ఎక్కడన్న ఇరుక్కుంటే పానం నిమ్మలముండది. కోపమొచ్చి ఎడమ దిక్కు తిరిగితే నేను సదివిన బడి గోడ కనిపించింది.

గోడ ఇప్పుడు మస్తు ఎత్తు పెంచిండ్రు. గేటు కాడ స్థాపకుల దినమని బ్యానర్ కట్టిండ్రు. లోపట ఏదో నాటకం అయినట్టున్నది, పిల్లలు రంగు రంగుల బట్టలల్ల బయటికొస్తున్నరు. ఒక పిల్లకు సిస్టర్ వేషం ఏసిండ్రు, నెత్తి మీద తెల్ల ముసుగు. ఆ పిల్ల ముసుగు గుంజుతున్నది, పిన్ను ఊడొస్తలేదు. వాళ్లమ్మ ఫోను పట్టుకోని, ఒక్క ఫోటో, ఇంకొక్క ఫోటో అంటున్నది. పిల్ల మొకం ఎర్రగయింది. తియ్యవే అమ్మా, తియ్యి అని ఏడుపు గొంతుతోని అడుగుతున్నది. ఆటోల నుంచి దుంకి పోయి ఆ పిన్నేదో నేనే పీకేద్దామనిపించింది. దిగే సందు లేదు, చూసుకుంట కూసున్న.

ఆ వేషం నేను గూడ ఏసిన. ఆ ముసుగు కింద గొంతుకు ఎట్ల ఒత్తుకుంటదో నాకు తెలుసు.

మాది కింద ఫిల్మ్‌నగర్ బస్తీ. అప్పుడు ఈ గుట్టల మీద బండలు, సీతాఫలం చెట్లు, నడుమ నడుమ సినిమావాళ్లు కొత్తగ కట్టుకుంటున్న బంగళాలు, అంతే. మా నాయిన స్టూడియోల కాస్ట్యూములల్ల పని చేస్తుండె. హీరోల బట్టలు ఇస్త్రీ చేసుడు, తొడుగుడు, విడిచినంక మడతపెట్టుడు. ఇంటికొస్తే ఆయన అంగీకి ఇస్త్రీ ఆవిరి వాసన, మొకానికేసే పౌడరు వాసన కలిసి వస్తుండె. ఇంగ్లీషు నేర్చిన పిల్ల ఎండల నిలబడది అని ఆయనకొక నమ్మకం. గందుకే సుట్టాలందరు ఒద్దన్నా నన్ను తీస్కపోయి సిస్టర్ల బడిల ఏసిండు. ఇంట్ల మేము నలుగురం. అమ్మ, నాయిన, నేను, మా నాయినమ్మ. నాయినమ్మను నేను అవ్వా అని పిలుస్తుంటి. అవ్వది మెదక్ దిక్కు ఊరు. మనిషి బక్కగున్నా నోరు పెద్దది. బడికి పంపుడు ఆమెకు ఇష్టం లేదు. గని పొద్దుగాల లేచి నా డబ్బాల సర్వపిండి పెట్టి పంపేది ఆమెనే.

బడి అంటే నాకు ముందుగాల వాసనే యాదికొస్తది. నున్నటి గచ్చుకు రుద్దే మైనం వాసన, సిస్టర్లు ప్రార్థన చేసే చాపెల్ల కొవ్వొత్తులు, సాంబ్రాణి. వంటింటి వెనక ఒక అర్రల సిస్టర్లు పూజకు అప్పాలు చేస్తుండిరి. గోధుమపిండి నీళ్లల్ల కలిపి, రెండు ఇనుప పలకల నడుమ పోసి వత్తి, పల్చగ అయినంక గుండ్రంగ కత్తిరిస్తరు. గుండ్రటియి దేవునికి, మిగిలిన అంచులు మాకు. వరండా ఊడిస్తే గుప్పెడు అంచులు చేతిల పోస్తుండిరి. ఉప్పు లేదు, కారం లేదు, కాయితం నమిలినట్టే ఉండి అంగిటికి అతుక్కుంటుండె. అయినా దానికోసం చీపురు మీద కొట్లాడుతుంటిమి. ఎదురుంగ బండల మీద షూటింగులు నడుస్తుండె. అదే ఎగురుడు, అదే పాట ముక్క, పొద్దుందాక మల్ల మల్ల. సిస్టర్లు కిటికీలు మూపిస్తుండిరి, మేము రెక్కల సందుకెళ్లి చూస్తుంటిమి.

పొద్దుటి ప్రార్థన కాడ బడి పెట్టినోళ్ల కథ చెప్తుండిరి. పోలీస్ యాక్షన్ అయినంక ఈ గుట్ట మీద ఒక జాగీర్దారు బంగళా ఖాళీగ పడి ఉండెనట. సముద్రాల అవతల, మంచు పడే దేశం నుంచి ముగ్గురు సిస్టర్లు ఓడెక్కి, రైలెక్కి, ఆఖరికి జట్కల ఇక్కడికి వచ్చిండ్రట. బంగళాల పాములు, బాయిల నీళ్లు పచ్చగ. గుర్రాల కొట్టం కడిగి, రాళ్లు కొట్టేటోళ్ల పిల్లలను కూసోబెట్టి బడి మొదలుపెట్టిండ్రట. ఎండాకాలం గోడలకెళ్లి గుర్రం వాసన వస్తుండెనట. కథ ఎవరు చెప్పినా, వాళ్లు ఒక్కసారి కూడా వెనుదిరిగి చూడలేదు అనే మాట తోనే అయిపోతుండె. ఆ మాట రాంగనే మేము వెనక్కి తిరిగి వెనక వరుసోళ్లను ఎక్కిరిస్తుంటిమి. దెబ్బలు గూడ తిన్నం దానికోసం.

ఆ ముగ్గుర్ల ఇద్దరు అప్పటికే పోయిండ్రు. బడి వెనక పెద్ద బండ కింద వాళ్ల సమాధులు. వాటి పక్కన మూడో ఆమెకు జాగ ఇడిచిపెట్టి చుట్టూ రాళ్లు పేర్చిండ్రు. మూడో ఆమె బతికే ఉన్నది. ఆమెను అందరు మదర్ అంటుండిరి. మేడ మీద గదిల, ఇనుప చువ్వల కిటికీ వెనక కుర్చీల కూసోని ఉంటుండె. మోకాళ్ళు పని చెయ్యక కిందికి దిగుడు తక్కువ. బడి కట్టినప్పుడు రాళ్లోళ్ల తోని, మేస్త్రీల తోని మాట్లాడి మాట్లాడి నేర్చిన భాష ఆమెది. సగం తెలుగు, సగం ఉర్దూ, పెద్దా చిన్నా లేకుండ అందరినీ నువ్వు అనుడే. మేము బెంచీలు మోస్తుంటే పైనుంచి హైలెస్సా అని అరుస్తుండె. కొత్త సిస్టర్లు సిగ్గుపడి తల వంచుకుంటుండిరి.

ఆ ఖాళీ జాగల మేము తొక్కుడుబిళ్ల ఆడుతుంటిమి. ఒకసారి మదర్ పైనుంచి చూసింది. తిడుతదేమో అని బిళ్ల దాచిపెట్టినం. నా జాగనే గద, ఆడుండ్రి, నాకింక జర టైమున్నది అన్నది. మేము పడి పడి నవ్వినం. ఇప్పుడు తలుసుకుంటే నవ్వు రాదు. పొద్దుగాల లేస్తే కిటికీల నుంచి తన జాగ తనే చూసుకునుడు ఎట్లుంటదో అప్పుడు మాకేం తెలుసు.

నేను ఐదో తరగతి సదివే ఏడు, స్థాపకుల దినం నాటకం నేర్పేతందుకు గుంటూరు దిక్కు నుంచి ఒక చిన్న సిస్టర్ వచ్చింది. మదర్ కథనే నాటకం. మదర్ వేషానికి గట్టి గొంతు కావాలని అందరి తోని అరిపించి చూసింది. బస్తీల నల్లా కాడ కొట్లాడి పెరిగిన గొంతు నాది, ఇంకెవరికొస్తది? గని నా మాట ఆమెకు నచ్చలే. వచ్చిండు కాదు తల్లీ, వచ్చాడు. ఏంది కాదు, ఏమిటి. ఇట్ల రోజు నా నాలుకను ఇస్త్రీ చేసింది. బట్టలు మా నాయిన స్టూడియో నుంచి తెచ్చిండు. ఏదో సినిమాల హీరోయిన్ సిస్టర్ వేషానికి కుట్టించినయట. సిలువ ఎంత పెద్దగున్నదంటే, సిస్టర్లు చూసి నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నరు. ఇది మెడలో వేసుకుంటే నడుం పడిపోద్దమ్మా అన్నది చిన్న సిస్టర్. సిలువ వాపస్ పంపి, ముసుగు, గౌను ఉంచుకున్నరు.

హాల్ల కప్పు కురుస్తున్నదని ఒకనాడు రిహార్సల్ చాపెల్ల పెట్టిండ్రు. అక్కడ పీఠం పక్కన ఒక ఎర్ర దీపం ఉంటది, పొద్దు మాపు ఆరదు. నన్ను దాని ముందట మోకాళ్ల మీద నిలబెట్టిండ్రు. చేతిల కొవ్వొత్తి ముట్టించి ఇచ్చిండ్రు. అప్పటిదాక హాల్ల నవ్వుకుంట చెప్పిన మాటలే, అక్కడ చెప్తుంటే నా గొంతు నాకే వేరేగ ఇనొచ్చింది.

“ప్రభువా, నా తల్లిని, నా ఇంటిని, నా దేశమును విడిచి నేను నీ దానినగుచున్నాను. నా మరణము వరకు వెనుదిరిగి చూడను. ఇది నా మాటపట్టు.”

చిన్న సిస్టర్ చాలా బాగా చెప్పావు అని నా తల మీద చెయ్యి పెట్టింది.

మధ్యాహ్నం అన్నం కాడ నా దోస్తును అడిగిన, మాటపట్టు అంటే ఏందే అని. బడి డ్రైవర్ బిడ్డ ఆమె, వాళ్లు క్రైస్తవులే. నా సర్వపిండి నోట్ల పెట్టుకోని నిమ్మలంగ చెప్పింది. సిస్టర్లు అయ్యేటప్పుడు దేవుని ముందర చెప్తరట. ఒకసారి చెప్తే ఇగ వాపసు లేదట. దేవునికి పెండ్లామైనట్టే లెక్కనట. వాళ్ల చిన్నమ్మ అట్లనే చెప్పి పోయింది, ఇంటికి మల్ల రాలేదట. ఉత్తగ చెప్తేనో అని అడిగిన. చాపెల్ల చెప్పినవా అన్నది. చెప్పిన అన్న. దీపం ముందట చెప్పినవా అన్నది. చెప్పిన అన్న. మరి ఉత్తగ ఎట్లయితది అని ఇంకో తుంట తీసుకున్నది. నేను డబ్బా ఆమె దిక్కే జరిపేసిన.

మా ఇంట్ల దేవుని ముందట ఉత్త మాట అనేదే లేదు. పిల్లకు జ్వరం తగ్గితే ఎల్లమ్మకు చీర పెడత అని నోరు జారితే, అప్పు తెచ్చన్నా సరే చీర పోవాల్సిందే. మొక్కిన మాట మనసుల నుంచి వచ్చిందా, నోట్ల నుంచే వచ్చిందా అని అమ్మవారు అడగదు. అవ్వ చేతుల పెరిగినదాన్ని, నాకు ఇంకో తీరు తెల్వది.

ఆ మాపటికి అవ్వ పొయ్యి కాడ గంజు గిన్నెకు సర్వపిండి ఒత్తుతున్నది. నేను పక్కన కూసోని, ఆడపిల్లలకు దేవుని తోని పెండ్లి చేస్తరా అవ్వా అని మెల్లగ అడిగిన. అవ్వ చెయ్యి ఆగిపోయింది. ఎవలన్నరే నీకు అని అడిగింది, నా దిక్కు చూడకుంట. ఉత్తగనే అడిగిన అన్న. ఆమె లేచి పోయి వాకిట్ల కూసున్నది. పిండి మాడి ఇల్లంత పొగ. అమ్మ ఉరికొచ్చి గంజు దించి, నా తొడ మీద గిల్లి, అప్పుడు చెవుల చెప్పింది.

అవ్వకు ఒక అక్క ఉండెనట. చిన్నప్పుడు ఆ పిల్లకు పెద్ద రోగమొచ్చి బతుకుడు కష్టమైతే, వాళ్ల నాయిన ఎల్లమ్మకు మొక్కిండట. బతికితే నీకే ఇస్త అన్నడట. బతికింది. ఈడొచ్చినంక గుడి కాడ తాళి కట్టించి దేవునికి ఇచ్చిండ్రు. జోగిని అన్నరు. మొగడు లేడు, ఇల్లు లేదు, ఊర్ల పెద్దమనుషులు ఎవలు పిలిస్తే వాళ్ల ఇంటి ముందట ఆడాలె. అవ్వ పెండ్లయి అత్తగారింటికి వచ్చేనాడు ఆ అక్క గుడి అరుగు మీద కూసోని చూసిందట, దగ్గరికి రానియ్యలేదట. సిన్న వయసులనే సచ్చిపోయింది. మల్ల ఈ ముచ్చట ఇంట్ల తీస్తే తోలు తీస్త అని అమ్మ పోయింది.

ఇగ నా బతుకు చూడుండ్రి. అవ్వకు చెప్తే రేపే బడి మాన్పిస్తది, నాయిన గుండె పగులుతది. చెప్పకుంటే నేను దేవుని దాన్ని. చెప్తే బడి పోతది, చెప్పకుంటే ఇల్లు పోతది. నాటకం దినం దగ్గరికొస్తుండె, రోజు రిహార్సల్. రోజు అదే మాట మల్ల అనిపిస్తుండిరి, అన్నప్పుడల్లా ఇంకో ముడి పడుతున్నట్టే ఉండె. బడిల తల ఎత్తితే మేడ మీద మదర్ గది కనపడుతుండె. దాని పక్కన ఇంకో గది ఖాళీగ ఉండె, దానికి గూడ చువ్వలే. అది నాదే అనుకున్న. అక్కడి నుంచి మా బస్తీ కనిపిస్తదా లేదా అని కొలుచుకున్న. మా రేకుల ఇల్లు బండ చాటుకు పోతది, కనిపియ్యది. అన్నం సయించలే. అమ్మ తల దువ్వుతుంటే ఏడుపు ఆపుకునుడే పెద్ద పని. కడుపుల పురుగులేమో అని నాయిన దవాఖానకు తీస్కపోయి చేదు మందు తాగిపిచ్చిండు.

సంగతి బయట పడ్డది ఆయన తోనే. గౌను నాకు పొడుగైందని, కుదిచ్చేతందుకు నాయిన ఇంటికి తెచ్చిండు. నాకు తొడిగి, ముసుగు ఏసి, గదుమ కింద బట్ట బిగిచ్చి పిన్ను పెట్టిండు. హీరోలకు తొడిగే చెయ్యి ఆయనది, ఒక్క ముడత రానియ్యడు. అవ్వను పిలిచి, చూడే అమ్మా నీ మనుమరాలు ఎట్లున్నదో అని మురిసిపోయిండు. ఇదేం వేషం రా అన్నది అవ్వ. దేవుని పెండ్లికూతురు వేషం అన్నడు నాయిన. పాపం, నాటకంల మాటనే ఆయన చెప్పింది.

అవ్వ మొకం చూసినంక నాకు ఇగ ఆగలే. అవ్వా, నేను మాటిచ్చేసిన, దీపం ముందట ఇచ్చేసిన అని ఏడ్చుకుంట అంత చెప్పిన. ముసుగు పీకబోతే పిన్ను గొంతుకు గుచ్చుకున్నది. నాయిన ముందు నవ్విండు, నాటకమే పిచ్చిదానా అన్నడు. అవ్వ నవ్వలే. దగ్గరికొచ్చి పిన్ను తీసి, ముసుగు మడిచి పక్కన పెట్టింది. ఏం తిట్టలే. తిడితేనే మంచిగుండు.

తెల్లారి అవ్వ పసుపు బట్టల గుప్పెడు బియ్యం, పసుపు కొమ్ము పెట్టి ముడుపు కట్టింది. నా చెయ్యి పట్టుకోని గుట్ట ఎక్కింది. అంతకుముందు ఆమె ఆ గేటు దాటింది లేదు. గేటు కాడనే చెప్పులిడిచి, కొంగు సరి చేసుకోని, వరండాల చిన్న సిస్టర్‌ను నిలబెట్టింది. మా పిల్ల మాట మాకు వాపసు ఇయ్యుండ్రి అన్నది. సిస్టర్‌కు ఏమీ అర్థం కాలే. నేనే నడుమ నడుమ చెప్పిన. అప్పుడు ఆమె పాపం నెమ్మదిగనే చెప్పింది.

“అది నాటకమండీ పెద్దమ్మగారూ. నిజం మాటపట్టు కాదు.”

“నాటకం మీకు. పిల్ల నోటికి ఎరుకనా నాటకమని? దేవుని దీపం ముందట అన్నదా లేదా, గది చెప్పు.”

సిస్టర్ మొకం పాలిపోయింది. అన్నది అని ఒప్పుకున్నది. ఇంకేం చెప్పాల్నో తెల్వక మమ్మల్ని మదర్ కాడికి తీస్కపోయింది. అవ్వ గోడ పట్టుకోని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంట మెట్లెక్కింది.

మదర్ గదిల మందుల వాసన, పాత ఉన్ని వాసన. మంచం, కుర్చీ, గోడకు సిలువ, అంతే. నేను భయపడ్డ చువ్వలను లోపలి నుంచి చూసిన మొదటిసారి అదే. చిన్న సిస్టర్ ఇంగ్లీషుల చెప్పబోతే మదర్ చెయ్యి అడ్డం పెట్టి, ముసలామెను చెప్పనియ్యి అన్నది. అవ్వ కింద కూసోని అంత చెప్పింది. చెప్పి, ఆమె మొకం దిక్కు కొద్దిసేపు చూసి, ఎవ్వరు అడగని మాట అడిగింది.

“నిన్నెవలు ఇచ్చిండ్రమ్మా దేవునికి?”

“కోయీ నై. నేనే వచ్చిన. మా అమ్మ ఒద్దన్నది.”

మల్ల పోయినవా మీ అమ్మ కాడికి అని అవ్వ అడిగింది. పోలే అన్నది మదర్. ఆ కాలంల వచ్చినోళ్లు వాపస్ పోయే రివాజు లేకుండెనట. వాళ్లమ్మ సచ్చిపోయిన సంగతి వానకాలంల తెలిసిందట, పానం పోయింది ఎండాకాలంల. పిల్లల ఎదుట ఏడ్వకూడదని మదర్ బాయి కాడికి పోయి ఏడ్చిందట. చిన్న సిస్టర్ తల దించుకున్నది. మేము రోజు ఇనే కథల బాయి ఉన్నది గని, ఈ ఏడుపు లేదు.

“నాటకంల రాసిండ్రు గద, వెనక్కి చూడలే అని. ఝూట్ అది. రోజూ చూసిన. ఇప్పుడు భీ చూస్త.”

అన్నంక నన్ను దగ్గరికి పిలిచింది. ఏం అన్నవో మల్ల చెప్పు అన్నది. అవ్వ దిక్కు చూస్తే చెప్పు అని తల ఊపింది. మొత్తం చెప్పిన. నేను చెప్తుంటే మదర్ పెదవులు గూడ నా తోనిపాటు కదిలినయి. అయినంక అడిగింది, ఈ మాట ఎవరిది అని. నేను మల్ల అవ్వ దిక్కు చూస్తే, మదరే చెప్పింది.

“నాది. నేను అన్న, పెద్దగైనంక అన్న, తెలిసి అన్న. నువ్వు నాది తీసుకున్నవు. నాది నాకు ఇచ్చెయ్.”

ఇచ్చుడెట్లనో తెల్వక రెండు చేతులు దోసిలి పట్టిన. ఆమె నా ఖాళీ దోసిట్ల నుంచి రెండు చేతులతోని ఏదో తీసుకున్నట్టు తీసుకోని, తన గౌను జేబుల ఏసుకున్నది. జేబు మీద రెండుసార్లు తట్టింది. అవ్వ ముడుపు తీసి ఆమె ఒడిల పెట్టింది. పసుపు బట్ట ఆ తెల్ల గౌను మీద ఉంటే, ఎవరన్న చూస్తరేమో అని చిన్న సిస్టర్ పోయి తలుపు దగ్గరికి ఏసింది. మదర్ దాన్ని తలగడ కింద పెట్టుకున్నది. నా పెయ్యిల నుంచి ఏదో బరువు దిగి, అక్కడే, ఆ గదిలనే నాకు ఎక్కడలేని ఆకలయింది.

నాటకం ఎట్లయిందో ముందుగాల చెప్పేస్త. వేషం నేనే ఏసిన, నాయిన కుదిచ్చిన గౌనుతోనే. మాటపట్టు కాడికి రాంగనే కొవ్వొత్తి పట్టుకోని నోరు మూసుకున్న. ముందు వరుసల కుర్చీల మదర్‌ను కూసోబెట్టిండ్రు. ఆమెనే కూసున్నకాడి నుంచి ఆ మాట చెప్పింది, వాళ్ల భాషల. మాకు ఒక్క అక్షరం తెల్వది. జనం చప్పట్లు కొట్టిండ్రు. నాయిన స్టూడియోల అందరికీ చెప్పుకున్నడు, మా పిల్ల నోరు తెరువకుండ యాక్టింగ్ చేసింది అని.

గని ఆ దినం మేడ మీద ముచ్చట నా పని కాంగనే అయిపోలే. పోదాం పా అవ్వా అని నేను కొంగు గుంజుతున్న. అవ్వ లేస్తలేదు. మదర్ కాళ్ల కాడ కూసోని నేల గీకుతున్నది. తల ఎత్తకుండనే అడిగింది.

“ఇంకొకటున్నది. మా అక్కది. ఆమె తన నోటితోని అనలే, మా నాయిన అన్నడు. మనిషి పోయి మస్తు కాలమైంది. గది గూడ తీసుకుంటవా?”

మదర్‌కు ఈ మాట సమజ్ కాలే. చిన్న సిస్టర్ ఇంగ్లీషుల చెప్పబోయి, నడుమ ఆగి, మల్ల చెప్పింది. మదర్ ఇన్నది. అవ్వ చెయ్యి తన చేతిల పట్టుకున్నది. తీసుకుంట అంటదనే నేను అనుకున్న. నాది తీసుకున్నట్టే జేబుల ఏసుకోని తడుతది, అవ్వ లేస్తది, ఇంటికి పోతం.

“నాది కాదమ్మా అది. నాది కానిది నేనెట్ల తీసుకుంట?”

అవ్వ కోపం చేయలే. నిజమే అన్నది. కండ్లు తుడుచుకోని, లేద్దామని నేల మీద చెయ్యి ఆనిచ్చింది. మదర్ చెయ్యి ఇడువలే. పేరన్న చెప్పు, నేను బతికున్నన్ని దినాలు జపంల చెప్త అన్నది.

అమ్మ నాకు చెప్పినప్పుడు గూడ అవ్వ అక్క అనే చెప్పింది, పేరు తియ్యలే. కింద బడిల పిల్లలు ఎక్కాలు చదువుతున్నరు, ఆ సప్పుడొక్కటే వస్తున్నది. ఆఖరికి చెప్పింది. మెల్లగ, ఇంట్ల పిల్లను బువ్వకు పిలిచినట్టు పిలిచింది.

“ఆఁ, అవ్వా” అని నేను పలికిన. నన్నే పిలిచిందనుకున్న.

ఇద్దరు ముసలోళ్లు నా దిక్కు తిరిగిండ్రు. అవ్వ ఏమనలే, నన్ను దగ్గరికి తీసుకోని తలకాయ తన కడుపుకు ఒత్తుకున్నది. నేను పుట్టినప్పుడు ఆ పేరే పెట్టాలె అని ఆమెనే పట్టుబట్టిందట. ఆ పేరు ఎవరిదో నాయినకు గూడ తెల్వదు.

ఇప్పుడు నేను గూడ వాళ్ల వయసుకు దగ్గరికొస్తున్న. ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికీ నాకు వెంటనే పలుకబుద్ధి కాదు. ఒక్క గడియ ఆగి, పిలిచింది నన్నేనా అని చూసుకోని, అప్పుడు పలుకుత.